ఫిఫ్త్ వీల్‌కి గ్రీజు పట్టించడం: పాతది గీకాకే కొత్తది

ఫిఫ్త్ వీల్ అంటే ట్రైలర్‌ని లాగే ముందు బండి (హార్స్) వెనక ఉండి, ట్రైలర్ ముక్కుని మోస్తూ పట్టుకునే ఇనప ప్లేటు. నెలకోసారి గ్రీజు డబ్బా తెచ్చి, ట్రైలర్ ఊడదీయకుండానే సందులోంచి కర్రతో నాలుగు ముద్దలు తోసి, పని అయిపోయిందనిపించడం చాలా షెడ్లలో మామూలే. పైనుంచి చూస్తే ప్లేటు నల్లగా నిగనిగలాడుతూ బాగానే కనిపిస్తుంది. ఆ నలుపులో సగం గ్రీజు, సగం రోడ్డు. చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ పొడి, కృష్ణపట్నం యార్డులో బొగ్గు ధూళి, తాడిపత్రి వైపు సిమెంటు, బండి ఏ లైన్లో తిరిగితే ఆ దుమ్ము అందులో చేరుతుంది. దుమ్ము కలిసిన గ్రీజు ప్లేటుని జారనివ్వదు, అరగదీస్తుంది. గరుకు కాగితానికి నూనె రాసి రుద్దినట్టే. అందుకే ఇక్కడ అసలు కష్టం కొత్త గ్రీజు పూయడంలో లేదు, పాతది తీయడంలో ఉంది. ఇద్దరు మనుషులు, రెండు గంటల సమయం, చదునైన గట్టి నేల ఉంటే పని అవుతుంది.

ఈ వివరాలు కంటెయినర్లు, ఫ్లాట్‌బెడ్లు లాగే హార్సులకి వచ్చే 2 అంగుళాల కింగ్‌పిన్ (ట్రైలర్ ముక్కు అడుగున కిందికి ఉండే లావాటి పిన్ను) ఫిఫ్త్ వీల్‌కి. భారీ ఓడీసీ (మామూలు కొలతలు మించిన) సరుకు మోసేవాటికి 3.5 అంగుళాల పిన్ ఉంటుంది. పద్ధతి అదే, కొలతలు వేరు.

ఎక్కడెక్కడ రుద్దుకుంటుందో ముందు తెలియాలి

ఒకటి, హార్స్ మీదున్న టాప్ ప్లేటు, ట్రైలర్ అడుగున్న రబ్బింగ్ ప్లేటు. పది పదిహేను టన్నుల బరువు కూర్చుని ఉండగా ప్రతి మలుపులో ఇవి ఒకదాని మీద ఒకటి తిరగాలి. రెండు, కింగ్‌పిన్ మెడ, దాన్ని పట్టుకునే లాక్ జా, కొన్ని మోడళ్లలో దానికి ఎదురుగా ఉండే వేర్ రింగ్. మూడు, లాక్ బార్, స్ప్రింగు, హ్యాండిల్ తిరిగే పిన్నులు. నాలుగు, ప్లేటు ముందుకీ వెనక్కీ ఊగడానికి అటూ ఇటూ ఉన్న బ్రాకెట్ పిన్నులు.

మొదటి రెండింటికీ చిక్కటి గ్రీజు కావాలి. మూడోదానికి పల్చటి ఆయిల్ చాలు, అక్కడ గ్రీజు ముద్దలు కుక్కితే దుమ్ము అంటుకుని మడ్డి కట్టి హ్యాండిల్ బిగుసుకుంటుంది. నాలుగోది రబ్బరు బుష్ రకమైతే గ్రీజు తగలకూడదు, నిపిల్ (గ్రీజు గన్ పెట్టి కొట్టే మొన) ఉన్న ఇనప బుష్ రకమైతే తప్పకుండా కొట్టాలి. మీ బండికి ఏది ఉందో ఒక్కసారి పడుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఏ గ్రీజు

ఎన్‌ఎల్‌జీఐ 2 నంబరు (చిక్కదనం కొలత) లిథియం ఈపీ (ఎక్కువ ఒత్తిడి తట్టుకునే) గ్రీజు తీసుకోండి. సర్వోజెమ్ ఈపీ 2 లాంటిది హైవే మీద ఏ ఆయిల్ షాపులోనైనా దొరుకుతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ గానీ గ్రాఫైట్ గానీ కలిపిన ఈపీ గ్రీజు దొరికితే ఇంకా మంచిది. బరువు కింద గ్రీజు పక్కకి పోయినా ఆ పొడి ఇనుముని అంటిపెట్టుకుని ఉంటుంది. లాక్ దగ్గర వాడేందుకు పావు లీటరు 30 నంబరు ఇంజిన్ ఆయిల్ ఉంచుకోండి.

చవగ్గా దొరికే పసుపు రంగు చాసిస్ గ్రీజు వద్దు. అందులో చాలావరకు కాల్షియం సబ్బు మీద చేసినవే. వంద డిగ్రీల లోపే కరిగి కారిపోతాయి. లిథియం గ్రీజు 180 డిగ్రీల దాకా కరగదు. గేర్ బాక్సులోంచో ఇంజిన్లోంచో తీసిన పాత ఆయిల్ పోయడం ఇంకా ఘోరం. బరువు కింద నిలవదు, కారి కింద డ్రమ్ముల మీదా టైర్ల మీదా పడుతుంది, పోతూ పోతూ ఇసుకని మాత్రం ప్లేటు మీదకి తెచ్చిపెడుతుంది. గ్రీజు రకం మారుస్తుంటే పాతది పూర్తిగా తుడిచాకే మార్చండి. కొన్ని రకాలు ఒకదానితో ఒకటి కలిస్తే పల్చబడి నీళ్లలా జారిపోతాయి.

ఊడదీయడం

వీలైతే ఖాళీ ట్రైలర్‌తో చేయండి. ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ల్యాండింగ్ కాళ్లు నేలకి ఆనేదాకా హై గేరులో, ఆ తర్వాత లో గేరులో దింపండి. నేల మెత్తగా ఉంటే కాళ్ల కింద చెక్క స్లీపర్లు వేయండి. వానాకాలంలో యార్డు మట్టిలో కాలు ఒకవైపు దిగబడితే ట్రైలర్ ముక్కు వాలిపోతుంది, మళ్లీ తగిలించేటప్పుడు ప్లేటు ఎత్తు కలవదు.

గాలి పైపుల్లో ముందు ఎర్రది, తర్వాత పసుపు రంగుది తీయండి. ఎర్రది తీయగానే ట్రైలర్ బ్రేకులు పట్టేస్తాయి. కరెంటు కేబుల్, ఏబీఎస్ కేబుల్ కూడా తీశారో లేదో చూసుకోండి. కేబుల్ తెగడం దాదాపు ప్రతిసారీ ఈ మరుపు వల్లే. తర్వాత సేఫ్టీ క్యాచ్ విప్పి హ్యాండిల్ లాగండి. రాకపోతే సుత్తి తీయొద్దు. పిన్ జాని లాగి పట్టి ఉంటే హ్యాండిల్ రాదు. హార్స్‌ని కొద్దిగా వెనక్కి నెట్టి ఆపితే ఆ పట్టు వదులుతుంది, ఒక్క చేత్తో వచ్చేస్తుంది. ఆ తర్వాత మెల్లగా ముందుకి పోనిచ్చి, ఒక అడుగు పోయాక ఆగి, ఏ పైపూ బిగుసుకోలేదని చూసుకుని పూర్తిగా బయటికి రండి.

కాళ్ల మీద మాత్రమే నిలిచిన ట్రైలర్ ముక్కు కిందకి తల పెట్టి పని చేయొద్దు. కింగ్‌పిన్ దగ్గరికి వెళ్లాలంటే ముందు చాసిస్ కింద స్టాండు గానీ స్లీపర్ల దొంతి గానీ పెట్టండి.

గీకడం

పుట్టీ పట్టీ లాంటి చదును రేకుతో ప్లేటు మీది మడ్డి మొత్తం గీకి ఒక డబ్బాలో వేయండి. ప్లేటు మీద గ్రీజు నిలిచే గాళ్లలోది (గాడుల్లోది) సన్నటి పుల్లతోనో స్క్రూడ్రైవర్‌తోనో తీయాలి. గాళ్లు గట్టిపడి పూడుకుపోతే నిపిల్ నుంచి కొట్టిన గ్రీజు ఎక్కడికీ పోదు. మధ్యలో పిన్ దూరే గొంతు దగ్గర, లాక్ జా వెనక, అడుగున స్ప్రింగు చుట్టూ ఉన్న మడ్డి ఎక్కువమంది ముట్టుకోరు. తర్వాత వచ్చే తంటాలన్నీ అక్కణ్నుంచే. అక్కడ కాసేపు ఓపిగ్గా గీకండి.

పారేసేముందు ఆ మడ్డిని కొంచెం తెల్ల కాగితం మీద పులమండి. బూడిద రంగులో సన్నటి వెండి మెరుపు కనిపిస్తే అది మామూలు అరుగుదల. వేలికి తగిలేంత రేకు ముక్కలు, చువ్వ ముక్కలు కనిపిస్తే జా గానీ వేర్ రింగ్ గానీ రాలుతోందని అర్థం. ఎర్రగా, తుప్పు నీళ్లలా ఉంటే లోపలికి వాన చేరి గ్రీజు ఎప్పుడో కొట్టుకుపోయిందన్నమాట.

మిగిలిన జిడ్డుని డీజిల్ తడిపిన బ్రష్షుతో కడిగి వేస్టు గుడ్డతో పొడిగా తుడవండి. పెట్రోల్ వాడొద్దు. డీజిల్ రబ్బరు బుష్‌ల మీద పడకుండా చూడండి, పడితే వెంటనే తుడవండి, రబ్బరు ఉబ్బి చెడుతుంది. గీకిన మడ్డి కాలవలో కాకుండా పాత ఆయిల్ కొనేవాళ్ల డ్రమ్ములో వేయండి.

తుడిచాక కనిపించేవి

ప్లేటు ఇప్పుడు ఒట్టిది. పగుళ్లు చూడడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. గ్రీజు కింద పగులు ఏడాదిపాటు దాక్కోగలదు. గొంతు మూలల్లో, బ్రాకెట్ పిన్ను చెవుల దగ్గర, వెల్డింగు అంచుల వెంట టార్చి పక్కవాటుగా వేసి చూడండి. గీత కనిపిస్తే గోరుతో అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే అది ఒట్టి మరక కాదు, పగులనే అనుకోవాలి. దాన్ని వెల్డింగు చేయించి తిప్పడం ప్రాణాలతో ఆట.

గ్రీజు గాళ్లు ఎంత లోతున్నాయో చూడండి. అరిగి గాళ్ల అడుగుతో సమం అయిపోతే ఆ ప్లేటు పని అయిపోయినట్టే. ఒకవైపే అద్దంలా మెరుస్తూ రెండోవైపు మొద్దుగా ఉంటే తప్పు గ్రీజుది కాదు. రబ్బింగ్ ప్లేటు వంగి ఉండాలి, లేదా ట్రైలర్ ఫ్రేము మెలితిరిగి ఉండాలి. రబ్బింగ్ ప్లేటుకి అడ్డంగా ఒక తిన్నని ఇనప పట్టీ ఆనించి సందులు చూడండి. దాని అంచున లేచిన పొరలు, వెల్డింగు బొబ్బలు ఉంటే గ్రైండర్‌తో కొట్టించండి. లేకపోతే కొత్తగా పూసిన గ్రీజుని మొదటి మలుపులోనే అవి కత్తిలా గీకేస్తాయి.

కింగ్‌పిన్ మెడని వెర్నియర్‌తో కొలవండి. కొత్త 2 అంగుళాల పిన్ మెడ 50.8 మి.మీ. ఉంటుంది, 49 మి.మీ.కి వస్తే మార్చాలి. కొలిచేటప్పుడు ఒక్క వైపే కొలిచి ఊరుకోవద్దు. లాగేటప్పుడూ బ్రేకు వేసేటప్పుడూ దెబ్బ ముందూ వెనకా తగులుతుంది కాబట్టి పిన్ అటే ఎక్కువ అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ముందు నుంచి వెనక్కి వచ్చే కొలతే అసలుది. పక్కల కొలత 50 చూపిస్తుంటే ముందువెనకల 48.5 ఉండొచ్చు. అరిగిన పిన్ మీద వెల్డింగు పోసి లేతు పట్టించే అలవాటు ఇంకా ఉంది. వేడికి ఆ గట్టి ఉక్కు గుణం మారి పెళుసవుతుంది, ఒకరోజు ఘాట్ రోడ్డు మీద విరుగుతుంది. పిన్ మార్చడమే మార్గం. జా, వేర్ రింగ్ మార్చాల్సి వస్తే రెండూ కలిపి మార్చండి. పాతదాని పక్కన పెట్టిన కొత్తది మూడు నెలల్లో పాతదవుతుంది.

బోల్టుల దగ్గరికి వస్తే, తల చుట్టూ ఎర్రటి పొడి కుంకం చల్లినట్టు కనిపిస్తే ఆ బోల్టు వదులైంది, రెండు ఇనుములు లోపల రుద్దుకుంటున్నాయి. ఎం16 సైజు, 8.8 గ్రేడు బోల్టుకి సుమారు 200 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పి బిగించే బలం). మీ ఫిఫ్త్ వీల్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. మరలకి గ్రీజు రాసి బిగించొద్దు. టార్క్ రెంచ్ టిక్కుమనేలోపే బోల్టు సాగిపోతుంది. బిగించాక తల మీంచి ప్లేటు మీదకి పెయింటుతో ఒక గీత గీస్తే, ఇకమీద వదులైందీ లేనిదీ నిలబడి చూసినా తెలుస్తుంది.

పూయడం

ముందు లాక్. హ్యాండిల్ పిన్ను, లాక్ బార్ జారే దారి, స్ప్రింగు కొక్కేలు, సేఫ్టీ క్యాచ్ వీటన్నిటికీ నాలుగేసి చుక్కలు ఆయిల్ వేసి, హ్యాండిల్ పది సార్లు లాగి వదలండి. పెద్ద కడ్డీతో జాని నొక్కి మూయించి, మళ్లీ హ్యాండిల్‌తో తెరవండి. వేళ్లు మాత్రం ఆ గొంతులో పెట్టొద్దు, స్ప్రింగు బలానికి ఎముక మిగలదు. సగం దారిలో ఆగి ఆగి మూసుకుంటుంటే లోపల ఇంకా మడ్డి ఉంది, లేదా స్ప్రింగు నీరసించింది.

తర్వాత నిపిల్స్. తల తుడిచాకే గన్ పెట్టండి, లేకపోతే మొదటి దెబ్బకే దుమ్ము లోపలికి పోతుంది. బ్రాకెట్‌లో నిపిల్ ఉన్న రకమైతే కడ్డీతో ప్లేటుని వెనక్కి వాల్చి పట్టుకుని కొట్టండి. ప్లేటు బరువు పిన్ను మీద ఆని ఉండగా కొడితే గ్రీజు బరువు లేని వైపుకే పోతుంది, కావాల్సిన చోటికి చేరదు. అంచున కొత్త గ్రీజు రంగు కనిపించేదాకా కొట్టి ఆపండి.

ఇక ప్లేటు. ఒక మిల్లీమీటరు మందం, అంతే. ప్లేటంతా అంత మందం వేయడానికి 350 నుంచి 400 గ్రాములు పడుతుంది, అంటే కిలో డబ్బాలో మూడో వంతు పైచిలుకు. గాళ్లు నింపి, వాటి మీంచి పట్టీతో చదును చేయండి. వెనక ఏటవాలు కొమ్ముల మీద పల్చగా వేయండి. ట్రైలర్ ఎక్కేటప్పుడు రబ్బింగ్ ప్లేటు అంచు అక్కడిదంతా పారతో తోసినట్టు ముందుకి నెట్టేస్తుంది, పోసిందంతా చాసిస్ పాలు. లాక్ జా లోపలి వంపుకీ, వేర్ రింగ్‌కీ, కింగ్‌పిన్ మెడకీ వేలితో రుద్ది పూయండి. ప్లేటు ఎండినా స్టీరింగు బరువెక్కి మీకు చెబుతుంది. జా ఎండితే అరిగిపోయాక గానీ చెప్పదు.

టాప్ ప్లేటు మీద ప్లాస్టిక్ లైనర్ బిగించి వచ్చే మోడల్ అయితే ప్లేటుకి గ్రీజు పూయొద్దు. దుమ్ముని పట్టి ఉంచి ఆ లైనర్‌ని తినేస్తుంది. అలాంటివాటికి కూడా జా, లాక్ పని మాత్రం తప్పదు.

తగిలించడం

రబ్బింగ్ ప్లేటు హార్స్ ప్లేటుతో సమంగా గానీ, అంతకంటే 50 మి.మీ. లోపు కిందికి గానీ ఉండాలి. హార్స్ దూరుతూ ట్రైలర్‌ని కొద్దిగా పైకి ఎత్తాలి. ట్రైలర్ ఎత్తుగా ఉంటే పిన్ జా లోకి దిగకుండా దాని పై అంచున కూర్చుంటుంది. బయటికి లాక్ పడినట్టే కనిపిస్తుంది, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రైలర్ వెనకే ఉండిపోతుంది. ఎత్తు కాళ్లతో సరిచేసుకుని, తిన్నగా, మెల్లగా వెనక్కి రండి. టక్ మని లాక్ పడ్డాక ట్రైలర్ బ్రేకులు పట్టి ఉండగానే లో గేరులో ఒకటి రెండుసార్లు ముందుకి లాగి చూడండి.

లాగి చూడడంతో సరిపెట్టుకోవద్దు, దిగండి. టార్చి వేసి చూస్తే రెండు ప్లేట్ల మధ్య సందు ఉండకూడదు. వెనక నుంచి చూస్తే జా పిన్ మెడ చుట్టూ మూసుకుని కనిపించాలి. హ్యాండిల్ పూర్తిగా లోపలికి వెళ్లి, సేఫ్టీ క్యాచ్ పడి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మళ్లీ ఊడదీసి తగిలించడమే. తర్వాత పైపులు, ఈసారి ముందు పసుపు రంగుది, చివర ఎర్రది. ఎర్రది పెట్టగానే గాలి చేరి ట్రైలర్ బ్రేకులు వదిలేయొచ్చు కాబట్టి దాన్ని ఆఖర్న ఉంచాలి. కేబుళ్లు తగిలించి, కాళ్లు పూర్తిగా ఎత్తి, దిమ్మలు తీయండి.

కుదుపు వస్తుంటే

బండి కదిలినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ వెనక నుంచి తన్నినట్టుంటే వెంటనే జా మీద నింద వేయకండి. ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంచి, టాప్ ప్లేటు, బ్రాకెట్, చాసిస్ మూడింటి అంచులు కలిసేలా సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఒకరు హార్స్‌ని జానెడంత కూడా కదలకుండా ముందుకీ వెనక్కీ ఊపితే, ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి గీత ఎక్కడ విరుగుతోందో చూడాలి. ప్లేటుకీ బ్రాకెట్‌కీ మధ్య విరిగితే బుష్ పోయింది. బ్రాకెట్‌కీ చాసిస్‌కీ మధ్యనైతే బోల్టులు. గీత విరగకుండా ట్రైలర్‌కీ ప్లేటుకీ మధ్యే కదలిక ఉంటే అప్పుడు పిన్, జా.

లాక్ బార్‌కి సర్దుబాటు స్క్రూ ఉన్న మోడళ్లలో ఈ లూజుని కొంతవరకు తగ్గించుకోవచ్చు. పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ తగిలించి చూడాలి. ఒకేసారి ఎక్కువ బిగిస్తే జా పిన్‌ని కరిచిపట్టి తర్వాత హ్యాండిల్ రాదు. కింగ్‌పిన్ 49 మి.మీ.కి గానీ అంతకంటే తక్కువకి గానీ అరిగి ఉంటే మాత్రం ఈ స్క్రూ జోలికి పోవద్దు. లూజు కప్పిపుచ్చుకుంటారు గానీ పిన్ మందం పెరగదు.

ఎప్పుడెప్పుడు

బండి తీసే ప్రతిసారీ హ్యాండిల్, క్యాచ్ మీద ఒక చూపు. వారానికోసారి నిపిల్స్ ఉంటే నాలుగు దెబ్బలు. పది వేల కిలోమీటర్లకి, లేదా నెలకి, ఏది ముందొస్తే అప్పుడు ఊడదీసి గీకి పూయడం. పోర్టు లోపలే తిరిగే బండికి కిలోమీటర్లు లెక్కలోకి రావు. రోజుకి నలభై కిలోమీటర్లే తిరిగినా మలుపులు వందల్లో ఉంటాయి, పైగా ఉప్పుగాలి. దానికి పదిహేను రోజులకోసారి చేయండి. కొలతలు, టార్క్, పగుళ్ల తనిఖీ ఆరు నెలలకి లేదా యాభై వేల కిలోమీటర్లకి.

ఇవి కాక ఇంకొకటి. దసరాకి ఆయుధపూజ ముందు బండిని ప్రెషర్ వాషర్‌తో మెరిసేలా కడిగిస్తారు. పసుపు, కుంకం, చక్రాల కింద నిమ్మకాయలు అన్నీ అవుతాయి, వాషర్ దెబ్బకి ప్లేటు మీంచి పోయిన గ్రీజు సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఎప్పుడు కడిగించినా ఆరిన వెంటనే, ఆ రోజే గ్రీజు పట్టించండి. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు కురిసినా అంతే.

పూసిన తర్వాత మొదటి లోడుతో యాభై కిలోమీటర్లు పోయి ఎక్కడైనా ఆగినప్పుడు ప్లేటు అంచు చుట్టూ చూడండి. బయటికి వచ్చిన గ్రీజు సన్నటి పట్టీలా చుట్టూ ఒకేలా ఉంటే సరిగ్గా పరుచుకుంది. ఒకవైపే ముద్దగా వచ్చి రెండోవైపు పొడిగా ఉంటే రబ్బింగ్ ప్లేటు చదును మళ్లీ చూడాలి. వేలాడుతున్నదాన్ని గుడ్డతో తుడిచేయండి, అది టైరు మీదికో డ్రమ్ము మీదికో చేరేలోపు. ఆ రోజు బోల్టులు బిగించి ఉంటే వెయ్యి కిలోమీటర్లకి టార్క్ ఇంకోసారి చూడండి.